ఖాళీ గడి చదివే మనిషి

ఆ ఆఫీసులో ఆమెను అందరూ చదువులక్క అంటారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ పేరేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. రెండు రోజులు ఆమె పక్కన కూర్చుంటే ఆ నవ్వు దానంతటదే ఆగిపోతుంది. రోజుకి ఆరు గంటలు, వారానికి ఐదు రోజులు, ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసే పని చదవడమే. కథలు కాదు, ఉత్తరాలు కాదు, ఉత్త అంకెలు.

అది బడి ఈడు పిల్లల లెక్కలు కట్టే ఆఫీసు. మూడో అంతస్తులో పొడుగాటి గది, గోడ వెంట ఇనప బీరువాలు, కిటికీ పక్కన ఎదురెదురుగా రెండు బల్లలు. ప్రపంచంలోని పన్నెండు ప్రాంతాల నుంచి ఏటా ఆ బల్లల మీదికి కాగితాలు వచ్చి పడతాయి. చట్టం ప్రకారం తప్పనిసరిగా బడిలో ఉండాల్సిన పిల్లలు ఏ ప్రాంతంలో ఎంతమంది, అందులో ఏ వయసువాళ్ళు ఎందరు అన్నది వాటి సారాంశం. అన్నిటినీ ఒకే పట్టికలోకి ఎక్కించి, ఒకదాని కింద ఒకటి పెట్టి పోల్చి చూపించాలి. వినడానికి ఇంతే. తీరా కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఎందుకంటే బడి ఈడు అనేది అన్నిచోట్లా ఒకటి కాదు. ఒకచోట అయిదేళ్ళకే పిల్లని పంపకపోతే ఊరుకోరు, ఇంకోచోట ఏడు నిండేదాకా ఎవరూ అడగరు. ఒకచోట పన్నెండుకే చేతులు దులుపుకుంటారు, మరోచోట పద్దెనిమిది నిండేదాకా పట్టిన పట్టు వదలరు.

ఈ తేడా పట్టించుకోకుండా చివరి మొత్తం మాత్రం చూసి మురిసిపోయేవాళ్ళు బోలెడుమంది. ఆ ఆఫీసు పెద్దసారు వాళ్ళలో మొదటివాడు. "మన దగ్గర బడి ఈడు పిల్లలు తక్కువ, అందుకే గదులు సరిపోతున్నాయి" అని ప్రతి మీటింగులోనూ అంటాడు. తక్కువైంది పిల్లలు కాదు, లెక్కపెట్టే ఏళ్ళు. ఈ సంగతి ఆయన చెవిన వేయాలని ముగ్గురు ఆఫీసర్లు ప్రయత్నించారు. ముగ్గురూ బదిలీ మీద వెళ్ళిపోయారు. నాలుగో ఆఫీసరమ్మ వయసులో చిన్నదే కానీ తెలివైనది, ఇంకా ప్రయత్నించలేదు.

ఆ గదిలో పని చేసే తీరు ఒకటుంది. చదివే మనిషి ఒకరు, ఎక్కించే మనిషి ఒకరు. వచ్చిన కాగితం చూసి చదువులక్క పైకి చదువుతుంది, ఎదురుగా ఆఫీసరమ్మ తల ఎత్తకుండా కంప్యూటర్లో కొడుతుంది. తర్వాత పనులు చేతులు మారతాయి. అచ్చయిన పట్టికని ఆఫీసరమ్మ చదువుతుంది, చదువులక్క అసలు కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెడుతుంది. వరుసకి ఒక ప్రాంతం. వరుసకి పదమూడు గళ్ళు, అయిదో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా ఏడాదికొకటి, ఎన్నేళ్ళు నిండితే ఆ ఏటి గడి. ప్రాంతం పేరు చదవరు, వయసు చదవరు. గళ్ళు సరిగా పడితే వరుసలు వాటంతటవే సరిపోతాయి. అందుకే అక్కడ ఎవరొచ్చినా మొదటి రోజే చెప్పే మాట ఒకటి ఉంది: ఖాళీ గడిని కూడా పైకి చదవాలి.

చట్టం బడికి రమ్మనని వయసు దగ్గర గడి ఖాళీగా వదిలేస్తారు. అక్కడ "ఖాళీ" అనకుండా ముందుకు పోతే తర్వాతి అంకె వచ్చి ఆ గడిలో కూర్చుంటుంది. ఆపైన పట్టిక మొత్తం ఒక్కో గడి ముందుకి జరిగిపోతుంది. చదువులక్క ఇరవై రెండేళ్ళలో ఒక్క ఖాళీని కూడా మింగలేదు. పట్టికలో సొంత ప్రాంతానిది ఏడో వరుస. అయిదో ఏటి దగ్గర ఒక ఖాళీ, ఆరు నుంచి పదమూడు దాకా ఎనిమిది అంకెలు, ఆ తర్వాత నాలుగు ఖాళీలు. ఆ నాలుగింటినీ ఒక్క ఊపిరిలో "ఖాళీ ఖాళీ ఖాళీ ఖాళీ" అనేసి, ఒక గుక్క నీళ్ళు తాగి, ఎనిమిదో వరుసలోకి దిగడం ఆమెకి అలవాటు.

ఆమె ఆ బల్ల దగ్గరికి తిన్నగా రాలేదు. ఆమె చిన్నతనంలో చట్టం పదకొండేళ్ళ దగ్గరే ఆగిపోయేది. పదకొండు నిండిన వారానికి అమ్మ మంచం పట్టింది, ఇంట్లో చూస్తే పాలు తాగే తమ్ముడు. ఆమె బడి మానేసిందని ఎవరూ గుమ్మం దాకా వచ్చి అడగలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు మీద టీచరు స్కేలు పెట్టి ఎర్ర గీత గీసిందట. గీత చాలా తిన్నగా ఉందని పక్క బెంచీ పిల్ల వచ్చి చెప్పింది. ఆ మాట ఆమె నేటికీ మర్చిపోలేదు.

ముప్పై ఏళ్ళు దాటాక ఈ ఆఫీసులో గదులు ఊడ్చే పనికి కుదిరింది. అప్పట్లో చదివే గుమస్తాకి విడవని దగ్గు. ఒకనాడు ఆయన దగ్గి దగ్గి వరుస మధ్యలో ఆగిపోతే, చీపురు పట్టుకుని వెనక నిలబడ్డ ఆమె ఆయన భుజం మీంచి తొంగిచూసి మిగతాది చదివేసింది. గొంతు ఖంగుమంది. అంకెలు ఎక్కిస్తున్న ఆయన తల ఎత్తకుండానే "ఇవాళ దగ్గు తగ్గినట్టుందే" అన్నాడు. ఆ మాట చెప్పుకుని ఆఫీసు ఇప్పటికీ నవ్వుకుంటుంది. నెల తిరక్కుండా చీపురు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

అంకెల ఆఫీసులో పని అనేసరికి వీధిలో ఆమె మాటకి తిరుగులేకుండా పోయింది. ఎవరి పిల్లయినా రెండు రోజులు బడికి కనపడకపోతే చదువులక్క ఆ గుమ్మం ముందు ప్రత్యక్షం. "పద్నాలుగు నిండలేదు, ఇంకా లెక్కలో ఉంది, పంపు" అని సాధించి సాధించి పంపించేది. పద్నాలుగు నిండాయని తల్లిదండ్రులు చెప్తే మాత్రం "అయితే లెక్కలోంచి పోయినట్టే" అని వెనక్కి తిరిగేది. అందులో ఆమెకి తప్పేమీ కనపడలేదు. ఆమె చదివే కాగితంలో అలాగే ఉంది మరి.

ఆమె ఉండేది పై వాటాలో. కింది వాటాలో కూతురు, అల్లుడు, మనవరాలు. అల్లుడు దర్జీ, ముందుగదే కొట్టు. బడి యూనిఫారాలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. మనిషి మెత్తన, అత్తగారంటే గౌరవం, గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. మనవరాల్ని ఇంటిల్లిపాదీ చీమ అంటారు, గింజంత మనిషి, ఒక్కచోట కుదురుగా ఉండదు కనక. బడిలో దానికి భూగోళమంటే పిచ్చి. నదులూ కొండలూ నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. చేతికి మాత్రం తండ్రి నేర్పు వచ్చింది, అది కాజా కుడితే బొత్తాం జారనే జారదు. వచ్చే నెల ఏడో తేదీకి దానికి పద్నాలుగు నిండుతాయి.

ఆ సోమవారం పొద్దున ఆమె మెట్లు దిగుతుంటే, మెడలో టేపు వేసుకుని అల్లుడు ఎదురొచ్చాడు.

"అత్తయ్యా, మీతో ఒక మాట. కాజాలు కుట్టే ఆవిడ మానేసింది కదా. వచ్చే నెల నుంచి చీమని కొట్లో కూర్చోబెడదామనుకుంటున్నాను. పని నేర్చుకుంటే దాని కాళ్ళ మీద అది నిలబడుతుంది."

"మరి బడి?"

"పద్నాలుగు నిండుతున్నాయిగా. పద్నాలుగు నిండితే లెక్కలోంచి పోయినట్టేనని మీరే కదా అంటారు ఎప్పుడూ."

ఎకసెక్కంగా అని ఉంటే ఆమె నాలుగు దులిపేసి ఉండేది. అతను అలా అనలేదు. అత్తగారి మాట మీద గౌరవంతోనే అన్నాడు. వెనక నుంచి చీమ బడిసంచి భుజాన వేసుకుని వచ్చింది. తండ్రి వైపు చూడలేదు. గేటు దాటుతూ "నన్నెవరూ అడగలేదమ్మమ్మా" అని మెల్లిగా అనేసి బస్సు కోసం పరిగెత్తింది.

ఆ రోజే పట్టిక ఎక్కించే రోజు. చదువులక్క నీళ్ళగ్లాసు పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. ఆరు వరుసలూ ఎప్పటిలాగే సాగిపోయాయి. ఏడో వరుస. ఒక ఖాళీ చదివింది, ఎనిమిది అంకెలు చదివింది. పద్నాలుగో ఏటి గడి దగ్గర ఆగింది. ఆ తెల్లటి గడిలో చీమ కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నట్టు అనిపించింది. అలవాటు కొద్దీ చెయ్యి గ్లాసు మీదికి పోయింది, నీళ్ళు తాగింది, నీళ్ళు తాగాక ఎనిమిదో వరుస కదా, చదివేసింది. ఆఫీసరమ్మ తల ఎత్తకుండా కొట్టేసింది. చివర్లో నాలుగు గళ్ళు మిగిలితే అవి ఖాళీలే కాబోలని ఆవిడ ఊరుకుంది.

సరిచూడకముందే పెద్దసారు వచ్చిపడ్డాడు, మీటింగు ఉంది, పట్టిక ఏదీ అంటూ. అచ్చయిన కాగితం బల్ల మీంచి తీసుకుని ఏడో వరుస చూశాడు. మొహం చేటంత అయింది.

"చూశారా, మన పిల్లలు పదిహేడో ఏటి దాకా బడిలోనే ఉన్నారు. నేను చెప్తూనే ఉన్నాను" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆఫీసరమ్మ ఇంకో కాపీ తీసి గబగబా చదవడం మొదలుపెట్టింది. ఏడో వరుసలో పద్నాలుగో ఏటి దగ్గర ఆవిడ నోట ఒక పెద్ద అంకె వచ్చింది. చదువులక్క చేతిలో పెన్సిలు ఆగింది.

"పట్టిక జరిగిపోయింది మేడం. ఖాళీలు నేను చదవలేదు. తప్పు నాదే."

ఆఫీసరమ్మ చెప్పులు టకటకలాడించుకుంటూ మూడు అంతస్తులూ దిగి, కారు ఎక్కబోతున్న పెద్దసారు జేబులోంచి కాగితం రాబట్టింది. "అలాగే ఉంచితే ఏం పోయె" అని ఆయన గొణిగాడట. ఆ గళ్ళలో వచ్చి కూర్చున్నది ఎనిమిదో ప్రాంతంలో అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు. ఎక్కడి పసివాళ్ళో వచ్చి ఇక్కడి పెద్దపిల్లల బెంచీల మీద కూర్చుంటే పెద్దసారుకి కడుపు నిండిపోయింది.

పైకొచ్చిన ఆఫీసరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఏమైందక్కా? ఒంట్లో బాగాలేదా?"

చదువులక్క ఉన్నదున్నట్టు చెప్పింది, అల్లుడన్న మాటా, పిల్ల అన్న మాటా. చెప్పి, ఏడో వరుసలో పద్నాలుగో ఏటి గడి మీద పెన్సిలు పెట్టి అడిగింది:

"మేడం, ఈ గడి ఖాళీ అంటే అందులో పిల్లలు లేరనా?"

"లేకపోవడమేమిటి, ఉంటారు. రమ్మని చట్టం అనలేదు కాబట్టి మనం అడగలేదు, అంతే."

"అడిగితే ఎంతమంది తేలతారు?"

ఆఫీసరమ్మ లేచి, బీరువాలోంచి జనాభా లెక్కల పుస్తకం తీసి వేలు పెట్టి వెతికింది. "లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరుగురు. ఇది పద్నాలుగో ఏటివాళ్ళు మాత్రమే."

"వీళ్ళలో బడిలో ఉన్నది ఎందరు?"

"అది ఎవరి దగ్గరా లేదక్కా."

"మా చీమ ఆ ఆరో వరుసలో పుట్టి ఉంటే?"

"ఇంకో రెండేళ్ళు లెక్కలో ఉండేది. పిల్ల అదే, వయసూ అదే. వరుస మారేది."

చదువులక్కకి తల కొట్టేసినట్టయింది. తన పేరు మీద తిన్నగా గీత గీసిన టీచరుని ఇన్నేళ్ళూ లోలోపల తిట్టుకుంటూనే ఉంది. ఏటేటా ఈ బల్ల దగ్గర కూర్చుని, ఒక్క ఊపిరిలో నాలుగుసార్లు, లక్షలమంది పిల్లల మీద అంత తిన్నగానూ గీత గీస్తున్నది తనే కదా అనిపించింది. కాగితంలో ఉన్నదే చదివాననుకుంటే సరిపోవచ్చు. కానీ ఆ మాటని వీధిలోకి మోసుకెళ్ళి గుమ్మం గుమ్మానికీ పంచింది ఎవరు? ఎందరు తల్లులు ఆమె వెనుతిరిగిన మర్నాడే పిల్లని పనిలో పెట్టారో ఆమె ఎప్పుడూ వెనక్కి వెళ్ళి చూడలేదు. ఆమెకి సిగ్గేసింది, చాలా సిగ్గేసింది.

పట్టిక మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఏడో వరుసలో ఆమె నాలుగు ఖాళీలనీ విడివిడిగా, ఒక్కోదానికీ ఊపిరి తీసుకుని చదివింది. ఆఫీసరమ్మ ఒకసారి తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంది. సాయంత్రం వెళ్తూ చదువులక్క, సరిచేసిన పట్టిక చిత్తు కాపీలు రెండు ఇస్తారా అని అడిగింది. పారేసేవేగా, తీసుకెళ్ళక్కా అంది ఆవిడ.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. కూతురు కాలర్లు ఇస్త్రీ చేస్తోంది. కిటికీ దగ్గర చీమ ఎవరి పిల్లకో కుట్టిన బడి చొక్కాకి కాజాలు కుడుతోంది. అల్లుడు కత్తెర పక్కన పెట్టి లేచి కుర్చీ వేశాడు.

"బాబూ, నాకో పావుగంట సాయం చెయ్యాలి. ఇవాళ ఆఫీసులో తప్పు చదివాను."

"మీరా?" అన్నాడు అతను. పెళ్ళైన పదిహేనేళ్ళలో అత్తగారి నోట అతను అలాంటి మాట వినలేదు.

"నేనే. మళ్ళీ ఒకసారి సరిచూసుకుంటే గానీ నాకు నిద్రపట్టదు. నువ్వు చదువు, నేను టిక్కు పెడతాను. ఆరో వరుస నుంచి చాలు. ఒక్కటే గుర్తుపెట్టుకో, గడి ఖాళీగా ఉంటే ఖాళీ అని పైకి అనాలి."

అతను ఎనిమిది దాకా చదువుకున్నాడు, పైకి చదవమంటే సరదా. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆమె తన కాపీ మీద ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయింది. వరుస చివరికొస్తుండగా అతను ఆగాడు.

"పదిహేనో ఏటి కింద కూడా అంకె ఉందేమిటి?"

"అక్కడ పదహారు నిండేదాకా బడి వదలరు."

"మరి ఆ ప్రాంతంలో కొట్టు పనికి ఎవరు దొరుకుతారు?"

"అది ఈ కాగితంలో లేదు బాబూ."

అతను నవ్వబోయి మానుకున్నాడు. మిగతా రెండు ఖాళీలూ చదివి, కాగితం మీంచి కళ్ళు తీయకుండా అన్నాడు: "ఒకటి మాత్రం నిజం అత్తయ్యా. పదమూడేళ్ళవాళ్ళకి పట్టే ముప్పై నాలుగు సైజు దాటాక యూనిఫారం ఆర్డర్లు సగానికి సగం పడిపోతాయి. గుడ్డ మిగిలిందిలే అనుకునేవాణ్ణి. ఆ పిల్లలంతా ఏమయ్యారని ఎప్పుడూ అనుకోలేదు."

ఆమె పెన్సిలు కింది వరుస మీద పెట్టింది. "ఏడో వరుస మనది" అని మాత్రం అంది.

అతను ఒక ఖాళీ చదివాడు. ఆరో ఏటి అంకె చదివాడు, ఏడు, ఎనిమిది, అలా పదమూడో ఏటి దాకా చదివాడు. ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. కూతురు ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఇటు తిరిగింది. కిటికీ దగ్గర సూది ఆగింది.

"చదువు బాబూ. చదవకపోతే కిందివన్నీ పైకి వచ్చి కూర్చుంటాయి. పొద్దున నాకు అదే జరిగింది."

అతను మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ గడిని వేలితో ఒకసారి తడిమాడు, అక్కడేదో గుడ్డ ఉన్నట్టు.

"ఇక్కడ ఖాళీ అని నేను చదవను అత్తయ్యా."

"మరేం చదువుతావు?"

అతను కిటికీ వైపు చూశాడు. చీమ ఒళ్ళో చొక్కా పట్టుకుని, కళ్ళార్పకుండా తండ్రినే చూస్తోంది.

"ఒకటి" అన్నాడు.

చదువులక్క చేతిలో కాగితం మీద ఆ గడిలో ఏమీ లేదు. కాగితం మీద లేనిదానికి ఆమె ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ టిక్కు పెట్టి ఎరగదు. పెన్సిలు మొన ఒకసారి చూసుకుని, ఆ తెల్లటి గడి నడిమధ్య గట్టిగా ఒక టిక్కు పెట్టి, "ఊఁ, పదిహేనోది చదువు" అంది.